తంతి అందాక ఒక రోజు బతికింది

నా భార్య సరోజ బుధవారం మధ్యాహ్నం తిరుపతిలో మా ఇంట్లో చనిపోయింది. జ్వరం వచ్చి అది పదమూడో రోజు. పొద్దున రెండు చెంచాల జావ తాగింది. అమ్మ ఏ బండికి వస్తుందని అడిగింది. మంచం వాకిలి వైపు తిప్పమంటే తిప్పాను. సాయంత్రం బండికి ఆమె తమ్ముడు మునిరత్నం ఒక్కడే వచ్చాడు. చేతిలో పుట్టింటి చీర, పసుపు, కుంకుమ. ముత్తయిదువుగా పోయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు తెచ్చేవి.

మంగళవారం పొద్దున నేను వాళ్ళకు తంతి పంపాను. ప్రమాదంగా ఉంది, వెంటనే బయలుదేరండి అని, ఇంగ్లీషులో. పూతలపట్టు దగ్గరి వాళ్ళ పల్లెలో ఇంగ్లీషు చదివేవాళ్ళు లేరు. అక్కడ తంతి అంటే చావు కబురే. కాగితం విప్పకముందే ఏడుపులు మొదలయ్యాయి. అత్త సొమ్మసిల్లింది. అందరూ తలస్నానాలు చేశారు. మరునాడు చిత్తూరులో బట్టల అంగడి తెరిచాక చీర కొనేసరికి తొలి బండి వెళ్ళిపోయింది. ఆ బండికి వచ్చి ఉంటే సరోజ కళ్ళు తెరిచే ఉండేది. శ్మశానం నుంచి తిరిగి వస్తూ మునిరత్నం, “తంతి అందినప్పుడు అక్క బతికే ఉండిందని అమ్మకు సెప్పబాక బావా, తట్టుకోలేదు” అన్నాడు. సరేనన్నాను.

కర్మలు ముగిశాక అత్త ఒకసారి చూసిపొమ్మని కబురు పంపింది. అందుకే ఈ ప్రయాణం. తిరుపతిలో ఏడు గంటలకు కాట్పాడి బండి ఎక్కాను. పాకాలలో చాలాసేపు ఆగుతుంది. ఇడ్లీ అక్కడే తినడం మంచిది, ముందు ఏమీ దొరకదు. పూతలపట్టులో దిగేసరికి పది దాటింది. యుద్ధం తెచ్చిన పెట్రోలు కరువుతో బస్సులు బొగ్గు గ్యాసు మీద నడుస్తున్నాయి, వాటిని నమ్ముకోలేం. పావలాకు జట్కా కుదిరింది.

జట్కాలో నాతోపాటు ఎక్కిన పెద్దమనిషి ఆ పల్లెలకు తంతులు అందించేవాడు. ఎవరింటికని అడిగాడు. చెప్పాను.

“నేను సైకిలు దిగకముందే ఏడ్సినారు సామీ. నాకు ఇంగ్లీషు అచ్చరాలు వస్తాయి, బాస రాదు. తెలుగు మాటలే ఆ అచ్చరాల్లో కొట్టించింటే గట్టిగా సదివి ఇనిపించేవాణ్ణి.”

అలా పంపవచ్చా అని అడిగాను.

“పంపుతారు సామీ. సదువుకున్నోళ్ళే పంపరు.”

నేను బి.ఏ. చదివాను. ఆ ఆలోచనే రాలేదు.

అత్త సంగటి, శెనక్కాయల చట్నీ పెట్టింది. నేను తినేదాకా ఏమీ అడగలేదు. చేయి కడుక్కున్నాక మెల్లగా అంది: “పొయ్యే ముందర నన్ను తలుచుకునిందా నాయనా?”

అప్పటికే తెలివి తప్పిందత్తా అన్నాను.

“పోనీలే. అమ్మ గుర్తుకొచ్చే పని లేకుండా సూసుకున్నావు.”

విస్తరాకు తీసుకుని లోపలికి పోయింది. పక్కనే ఉన్న మునిరత్నం చెంబు తీసుకుని పెరట్లోకి నడిచాడు.

బండి మూడు గంటల్లో వచ్చే దూరాన్ని తంతి నిమిషాల్లో దాటింది. చేరింది మాత్రం నేను పంపిన మాట కాదు. చిత్తూరులో ఒక ప్లీడరు ఇంట్లో టెలిఫోను ఉందట, మనిషి గొంతే వినిపిస్తుందట. అది ఏనాటికో ఈ పల్లెకూ వస్తుంది. బిడ్డ ఊపిరి తీస్తున్న చప్పుడు తల్లికి వినబడితే చీర కోసం ఎవరూ ఆగరు. అందాకా, దూరాన ఉన్నవాళ్ళకు తంతి పంపేవారు “బతికే ఉంది, రండి” అని తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాలతో రాసివ్వండి. తెచ్చినవాడు చదివి వినిపించేదాకా అతన్ని పంపెయ్యవద్దని ఇంటివాళ్ళకు ముందే చెప్పి ఉంచండి.

నేను చెప్పిన అబద్ధం అత్తను కాపాడలేదు. కూతురు తనను తలవలేదన్న బాధ ఒకటి మిగిల్చింది. కాపాడింది నన్నే. ఈ మాట, అత్తకు నిజం చెప్పేస్తానన్న మాట సాయంత్రం మునిరత్నంతో అన్నాను. వద్దనలేదు.

రేపు ఉదయం బండికి బయలుదేరేముందు అత్త దగ్గర కూర్చుని, తంతి అందిననాడు సరోజ బతికే ఉందని, అమ్మ కోసమే వాకిలి చూస్తూ పోయిందని చెబుతాను.