అతుకు కనిపించని గిటారు

ఈ ఉదయం కంభం నుంచి ఒకాయన పాత ఎలక్ట్రిక్ గిటారు తెచ్చి, దానికి ఎంత పెట్టవచ్చో చెప్పమన్నాడు. వెనక మూత విప్పగానే ఎండిన కలప, పాత పాలిష్, ఎప్పుడో కరిగించిన టంకం కలిసిన వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసన వచ్చినప్పుడల్లా నరసింహులు మామ నా పక్క స్టూలు మీద కూర్చుని, తొందరపడొద్దని చూపుతోనే చెబుతున్నట్టు ఉంటుంది. ఆయన పోయి నాలుగేళ్లయింది.

మామ నాకు చుట్టం కాదు. గిద్దలూరు నుంచి దోర్నాల దాకా పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా గిటారు వాయించిన మనిషి. వేళ్లు బిగుసుకుపోయాక మార్కాపురం బస్టాండు వెనక సందులో రిపేరు దుకాణం పెట్టాడు. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి, ఇరవై ఆరేళ్ల వయసులో నేను పని కోసం తిరిగేనాటికి ఆ దుకాణం పెట్టి ముప్పై ఏళ్లు దాటింది. ఆడమనిషికి టంకం పని ఏందని రెండు దుకాణాల వాళ్లు నవ్వి పంపేశారు. మామ నవ్వలేదు. ఒక యాంప్లిఫయరు నా ముందుకు జరిపి, "ఇది ఎందుకు మూలుగుతా ఉండాదో చూడమ్మాయ్" అన్నాడు. అరగంటలో చెప్పాను. "రేపు పొద్దున తొమ్మిదికి రా. టిఫిను తినేసి రా, ఇక్కడ పెట్టేవాళ్లు ఎవరూ లేరు" అన్నాడు. అంతే, ఉద్యోగం దొరికింది.

రిపేరు ఎవరైనా నేర్పుతారు. వస్తువును చూసి వెల కట్టడం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పాత గిటారు ఎవరైనా తెస్తే నా చెయ్యి ముందు తీగల మీదికి పోయేది. "వాయించొద్దు. వాయిస్తే ఇష్టం పుడతాది. ఇష్టం పుట్టినాక తప్పులు కనబడవు" అని ఆపేవాడు. ముందు మరలు చూడమనేవాడు. మర తలమీద గీతలుంటే ఎవరో విప్పారన్నమాట, ఎందుకు విప్పారో అడగాలి. లోపలి టంకం ఒకే చేతిదా, రెండు చేతులదా చూడాలి. వెల చెప్పేది అన్నిటికన్నా చివర.

ఒకరోజు పుల్లలచెరువు వైపు నుంచి రమణమ్మ అనే ఆవిడ గొంగట్లో చుట్టుకుని ఒక గిటారు తెచ్చింది. గొర్రెలు కాచుకునే ఇల్లు వాళ్లది. చనిపోయిన తమ్ముడు చెన్నయ్యది ఆ గిటారు. అతను హైదరాబాదు హోటళ్లలో వాయించేవాడట. ఒక ముసలి వాద్యకారుడు దాన్ని అమ్ముతుంటే, తమ్ముడు అడిగాడని ఈవిడ పద్నాలుగు గొర్రెలు అమ్మి డబ్బు పంపింది. ఇప్పుడు హైదరాబాదులో పాత గిటార్లు సేకరించే ఒకాయన, ఎక్కడా విరగకుండా, ఏదీ మార్చకుండా ఉంటే ఆరు లక్షలు ఇస్తానన్నాడు. చెన్నయ్య కూతురిని ఈవిడే పెంచింది. ఆ పిల్ల నర్సింగు చదువుకోవాలి. "ఆయన వచ్చేలోపల నువ్వొకసారి చూసి చెప్పన్నా, అంత చేస్తాదా?" అని అడిగింది.

అరవై ఏళ్ల నాటి అమెరికా గిటారు. మామ దాన్ని చాలాసేపు చూశాడు. మరలు ముట్టినవి కావు, తీగల శబ్దాన్ని పట్టే పికప్‌లు మారలేదు, టంకం ఒకే చేతిది. నాకు సంతోషంగా ఉంది. మామ మాత్రం గిటారు మెడ వెనక, తల మొదలయ్యే చోట బొటనవేలు పెట్టి అలాగే ఆగిపోయాడు.

"రమణమ్మా, ఇది ఇక్కడ విరిగింది. ముప్పై ఏండ్ల కిందట నేనే అతికించినా" అన్నాడు.

ఆ మెడ మీద వెంట్రుకంత గీత కూడా లేదు. నేను భూతద్దం పెట్టి చూశాను, ఏమీ కనిపించలేదు. అప్పుడు మామ జరిగింది చెప్పాడు. గిటారు కొన్న ఏడాదికే దోర్నాల దగ్గర లారీ దిగుతూ చెన్నయ్య దాన్ని జారవిడిచాడు. మెడ విరిగింది. అక్క గొర్రెలు అమ్మి కొనిచ్చింది, ఆమెకు తెలియకూడదని ఏడ్చాడు. మామ పదిహేను రోజులు కూర్చుని అతికించాడు. కొత్త పాలిష్ వేస్తే రంగు తేడా పడుతుందని, మూత కింద కనబడని చోట పాత పాలిష్ గీకి, కరిగించి, దాన్నే అతుకు మీద పూశాడు. ఎవరికీ చెప్పనని చెన్నయ్యకు మాటిచ్చాడు.

"ఇన్నాళ్లూ ఆ మాట మీదనే ఉన్నా. ఇప్పుడు నువ్వు వెల అడిగినావు. చెప్పకుండా ఎట్ల ఉండేది?"

నాకు మామ మీద కోపం వచ్చింది. ఆవిడ డబ్బుతో పాటు తమ్ముడి మీది నమ్మకం కూడా ఆయన తీసేసుకున్నట్టు అనిపించింది. రమణమ్మ గిటారు మెడ నిమిరి, "అతికించినాక బాగా పలికిందా అన్నా?" అంది.

"బాగా పలికింది. వాడు ఇక్కడే కూర్చుని వాయించి చూపించిపోయినాడు."

"పిచ్చోడు. నాకు చెప్పింటే ఏమనేదాన్ని" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆ సారుకు కూడా ఉన్నదున్నట్టు చెప్పు."

రెండు రోజుల తర్వాత హైదరాబాదు ఆయన మా దుకాణానికే వచ్చాడు, రమణమ్మ కూడా వచ్చింది. షట్టరు దించి, కొత్త పాలిష్ ఉంటే వేరుగా మెరుస్తుందని, దొంగనోట్లు చూసే ఊదారంగు టార్చి వేసి అంగుళం అంగుళం వెతికాడు. ఏమీ దొరక్క, "బాగుందండీ, తీసుకుంటాను" అన్నాడు. మామ ఆయన వేలు పట్టుకుని అతుకు ఉన్న చోట పెట్టి, జరిగింది చెప్పాడు. ఆయన నమ్మలేదు. మళ్లీ టార్చి వేశాడు. చివరికి, "ధర పడిపోయే అబద్ధం ఎవరూ చెప్పరు కదా" అని టార్చి ఆర్పేశాడు. మూడు లక్షల పాతికవేలకు బేరం కుదిరింది. రమణమ్మ బేరమాడలేదు. ఇచ్చే ముందు గొంగడి మాత్రం విప్పి, మడిచి చంకలో పెట్టుకుంది. ఆ పిల్ల చదువుకు ఆ డబ్బు చాలలేదు, మూడో ఏడు కొన్ని గొర్రెలు అమ్మారని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం నేను ఉండబట్టలేక అడిగాను. "చెప్పకుంటే ఎవరికి తెలిసేది మామా?"

"ఎవరికీ తెలిసేది కాదు" అన్నాడు. సామాను సర్దుతూ, "నేను చేసిన పనుల్లో అదే గొప్పది అమ్మాయ్. దాన్ని ఒక్కరికైనా చూపించుకోవాలని నాకూ ఉండింది" అన్నాడు, కాస్త సిగ్గుగా.

ఆయన్ని దేవుణ్ణి చేసి చెప్పుకోకుండా నన్ను కాపాడుతున్నది ఆ మాటే. ఇప్పుడు ఆ దుకాణం నాది. వెల కట్టి కాగితం రాసేటప్పుడు, ఆ వస్తువుకు నేను చేసిన రిపేరు ఏదైనా ఉంటే మొదటి వరుసలో అదే రాస్తాను. పోయిన నెల అలా రాసినందుకు గిద్దలూరు ఆయన ఒకరు కాగితం చింపి బల్ల మీద పడేసి వెళ్లాడు, మళ్లీ రాలేదు. ఆ పూట అన్నం సహించలేదు. ఇలాంటివి తేలిగ్గా తీసుకోవడం నాకింకా చేతకాలేదు. అయినా రాస్తూనే ఉన్నాను.