పదిహేను ఎంబీల్లో అమ్మ ముఖం

రాజోలు స్టూడియోలో వీడియోలు ఎడిట్ చేసే ప్రభుదాసుకి ఫైలు సైజు తగ్గించడమంటే భయం. ఒరిజినల్‌ని మూడుచోట్ల దాచి, మూడూ తెరిచి చూసుకుని, అరచేతులు ప్యాంటుకి తుడుచుకుంటే గానీ మౌసు ముట్టడు. తగ్గించేకొద్దీ ముఖాలు గళ్లుగళ్లుగా చెదిరిపోతాయని అతనికి తెలుసు. ఈ రోజు వచ్చింది సుగుణమ్మ భూస్థాపన వీడియో, రెండు గంటలది. కువైట్‌లో ఇంటిపని చేసే కూతురు కరుణకి సెలవు దొరకలేదు. తల్లిని ఆమె చివరిసారి చూసుకునేది ఇందులోనే. ఆమె ఫోనులో పదిహేను ఎంబీలకు మించి దిగదు. తగ్గించి చూస్తే, శవపేటికలో ముఖం ఉండాల్సినచోట తెల్లటి మరక!

“పాస్టరుగారి ప్రసంగం, సర్పంచిగారి సంతాపం తీసేస్తానండీ. అమ్మగారి ముఖం ఒక్కటే నిమిషంపాటు ఉంచుతాను,” అన్నాడు.

“ఆయ్, తీసెయ్యండి. బతికుండగా గుమ్మం తొక్కని సర్పంచిగారు పెట్టె పక్కన పావుగంట మాట్లాడేరు,” అంది వీడియో తెచ్చి పక్కనే కూర్చున్న సుగుణమ్మ కోడలు పుష్పలత.

ఆ నిమిషం ముక్కని కరుణ నంబరుకి పంపి, ఫోను బోర్లా పెట్టి కూర్చున్నాడు. కాసేపటికి ఆమె వాయిస్ మెసేజ్ వచ్చింది. బొమ్మ చెదిరిందంటుందేమోనని భయపడుతూనే విన్నాడు.

“చాలా బాగా కనబడుతోందండీ, అన్నయ్యగారూ. అమ్మ కళ్లు పూర్తిగా మూసుకోలేదేంటండీ?”