కొండ దిగిన సీతాఫలాలు

నిన్న బియ్యం డబ్బా మూత తీయగానే సీతాఫలం వాసన గుప్పుమంది. మగ్గాలని నేనే దాచి మరిచిపోయిన కాయలు. గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కాళ్ళ కింద నేల బస్సులా మెల్లగా ఊగుతున్నట్టనిపించింది. కిటికీలో ఉదయగిరి కొండ, దాని నడుముకు పొద్దుటి మంచు, వెనక సీట్లో గంప మీద చెయ్యేసి కునికిపాట్లు పడుతున్న మస్తానమ్మవ్వ. పొయ్యి మీద ఎసరు మరిగిపోతున్నా నాకు తెలియలేదు.

ఉదయగిరి నుంచి ఆత్మకూరు మీదుగా నెల్లూరు వెళ్ళే బస్సులో నేను కండక్టరుగా చేరిన కొత్తలో సంగతి ఇది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, నా రూల్సు చూసి డ్రైవరన్న కూడా నవ్వేవాడు. అవ్వ కొండమీది సీతాఫలాలు కోసుకొచ్చి ఆత్మకూరు బజారులో అమ్మేది. వానలు ముదిరేలోగా ఇంటికి రేకులు వేయించాలని ఆమె ఆశ. ఏ మాట మొదలుపెట్టినా చివరికి ఆ రేకుల దగ్గరికే వచ్చేది.

ఒకరోజు పక్క సీటాయన కాయల ధర విని ఉలిక్కిపడ్డాడు. "కొండ మీద ఊరికే కాసేదానికి అంత రేటేంది అవ్వా?"

"కాసేది ఊరికే కాసినాయి నాయనా. దిగేది ఊరికే దిగలేదు."

బస్సంతా నవ్వింది. అవ్వ మాత్రం నన్ను పిలిచి ఒక కాయ చేతిలో పెట్టింది. "ఈ గీతలు తెల్లబడినాయి చూడు కండక్టరమ్మా. కన్ను తెరిచినాది. ఇంక రెండు రోజులే దీని ఆయుస్సు. రేటు కాయకు గాదు, ఆ రెండు రోజులకు. దార్లో చితికిపోయేవి ఉంటాయే, వాటి బరువు గూడా బాగుండే కాయే మొయ్యాల." అప్పటిదాకా ధర అంటే అమ్మేవాళ్ళ నోటికొచ్చిన మాట అనుకునేదాన్ని. ఆ కాయను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను.

చూశానే గానీ బుద్ధి రాలేదు. దీపావళి ముందు రోజు అవ్వ నాలుగు గంపలతో బస్టాండులో నిలబడింది. ఆ ఏటికి అదే చివరి కోత. బస్సు కిటకిటలాడుతోంది. అన్ని గంపలు ఎక్కించాక చెకింగు వస్తే నా ఉద్యోగం పోతుందని భయం.

"తర్వాతి బస్సుకు రా అవ్వా," అన్నాను.

"పండగ ముందర రోజు బిడ్డా. ఈ పొద్దు దాటితే రేపు అడిగే దిక్కుండదు. రేకులు వీటి మీదనే ఉండాయి."

నేను విజిలేశాను. అద్దంలో ఆమె చిన్నదైపోతూ కనిపించింది.

తర్వాతి బస్సు దారిలో చెడిపోయింది. ఎండలో మగ్గి మగ్గి, అవ్వ ఆత్మకూరు చేరేసరికి కాయలన్నీ పగిలిపోయాయట. బజారు ఎత్తేశారు. పారబొయ్యడానికి మనసు రాక అనుమసముద్రంపేట తీసుకెళ్ళి దర్గాకొచ్చిన వాళ్ళకు పంచిపెట్టిందని డ్రైవరన్న చెప్పాడు.

వారం తర్వాత జోరువానలో ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. పైన చిరిగిన పట్ట, కింద వరసగా గిన్నెలు, వాటిలో టప్‌టప్‌మని నీళ్ళు. ఇల్లంతా కలిపి ఒక్క చోటే పొడిగా ఉంది. అవ్వ అక్కడినుంచి లేచి నన్ను కూచోబెట్టి, తాను కారే చోట నిలబడింది.

"తప్పు నాదే అవ్వా," అన్నాను. కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

"నీదే," అంది అవ్వ. "ఏడవబాక. వచ్చే యేడు గంపలెక్కించుకో."

మరుసటి ఏడు ఎక్కించుకున్నాను, డ్రైవరు సీటు వెనకే. ఆమె ఇంటికి రేకులూ పడ్డాయి. కానీ ఆ ఒక్క వానాకాలం ఆమెను తడిపింది నేనే. రేకులు దాన్ని కప్పలేదు. ఇప్పుడు బజారులో ఎవరైనా గంప ముందు కూచుని కనిపిస్తే, ధర కన్నా ముందు "బస్సు టైముకు దొరికిందా అమ్మా?" అని అడుగుతాను. వింతగా చూస్తారు. దొరకలేదన్నవాళ్ళ దగ్గర నేను బేరమాడను.