ఇంకని చుక్క

మా సారు పోయారని ఈ నెల మొదట్లో, నారాయణగూడ చౌరస్తాలో ఆటో దిగుతుంటే ఫోనొచ్చింది. నమ్మలేదు. దేన్నీ వెంటనే నమ్మొద్దని నేర్పింది ఆయనే.

నేల లోతుల్లోంచి తీసిన ఇసుకరాళ్లను పరీక్షించే ల్యాబులో ఆయన మా పెద్ద. గ్యాసుండే గట్టి ఇసుకరాయి చేతికిస్తే, ముందు దానిమీద ఒక నీటిచుక్క వేసి, ఇంకుతుందా లేదా అని వాచీ చూసుకునేవారు. "రాయిల బొక్కలున్నయని సంబరపడకు బిడ్డా. ఒక బొక్కకెళ్లి ఇంకో బొక్కకు తొవ్వ ఉన్నదా? ఆ తొవ్వ మరీ సన్నగుంటే గ్యాసు ఆడనే కూసుంటది," అనేవారు. చిక్కడపల్లి హోటల్లో ఇడ్లీని కూడా వేలితో నొక్కి చూస్తే గాని తినేవారు కాదు.

నా ఉద్యోగం పర్మనెంటయ్యేది ఒక్క రిపోర్టు మీద. దానికోసం ఇచ్చిన రాయిలోంచి గ్యాసు సులువుగా పారుతుందని నా పరీక్షలో తేలింది. సారు సంతకం పెట్టలేదు. "గింత మంచిగ వచ్చిందంటే నాకు అనుమానమే," అన్నారు. నాకు ఆయన మీదే అనుమానమొచ్చింది. ఓర్వలేకనే ఆపుతున్నారనుకుని, పేరు పెట్టకుండా ఆయన మీద పై ఆఫీసుకు చీటీ రాశాను.

వారం తర్వాత ఆయనే వచ్చి అడిగారు. "ఓవెన్ల ఎంత వేడి మీద ఆరబెట్టినవ్?"

తొందరలో వేడి బాగా పెంచానని ఒప్పుకున్నాను. ఆ రాతి రంధ్రాల్లో వెంట్రుకల్లాంటి బంకమట్టి పోగులుంటాయి. నా వేడికి అవి ముడుచుకుపోయి, లేని దారి తెరుచుకుందట. అదే రాయిలో ఇంకో ముక్కను నిదానంగా ఆరబెట్టి కొలిస్తే గ్యాసు కదిలీ కదలనట్టుంది. ఆ కొత్త రిపోర్టు మీద వెంటనే సంతకం పెట్టారు. నా ఉద్యోగం పర్మనెంటయింది. చీటీ సంగతి ఆయనకు తెలుసా అని ఏళ్ల తరబడి ఆ ముఖంలో వెతికాను. అడిగే ధైర్యం మాత్రం చేయలేదు.

పదోరోజున అశోక్‌నగర్‌లో వాళ్లింటికి వెళ్తే, ఆయన భార్య ఒక పొట్లం చేతిలో పెట్టారు. "నీకే ఇయ్యమన్నరు బిడ్డా. ఏమున్నదో నేను ఇప్పి సూడలే."

అందులో నిదానంగా ఆరబెట్టిన ఆ రెండో ముక్క. దానికి చుట్టిన కాగితం నా చీటీ జిరాక్సు. దాని కిందనే, పై ఆఫీసుకు ఆయన ఇచ్చిన జవాబు ఆయన చేతిరాతలో ఉంది: "రాసినవారి అనుమానం సబబే. కారణం చెప్పకుండా సంతకం ఆపడం నా తప్పు."

ఏడుపు ఆగలేదు. ఆమె మంచినీళ్లిచ్చారు. గ్లాసులో వేలు ముంచి ఒక చుక్క రాయి మీద వేశాను. నేను లేచేదాకా అది ఇంకలేదు.