ఇప్పగుంపులో ఇప్పచెట్టు లేదు

ఆ రోజుల్లో (అంటే ఓ పదేళ్ళ కిందటే, కానీ అలసటను బట్టి చూస్తే ఒక యుగం కిందట) నేను ఒక ఊరినే భుజం మీద మోసి వాగు దాటించాను. మహాకావ్యానికి సరిపోయే ఆరంభమే గానీ, మోసింది ఇనుప బోర్డు, అదీ ఒక కొస. బరువైన కొస వేరేవాళ్ళు పట్టుకున్నారు.

చర్ల వైపు గూడేలకు పేరు బోర్డులు పాతించడం నా తొలి కొలువు. ఎండలో తిరిగి తిరిగి, అసలు ఊళ్ళకు పేర్లెందుకన్న వైరాగ్యం వచ్చేసింది. ఇప్పగుంపు అనే గూడెం వంతు వచ్చేసరికి దారి పక్కన పెద్ద ఇప్పచెట్టు కనిపించింది. చెట్టుంది గనుక ఆ పేరు! చరిత్ర పరిశోధన అంత సుఖంగా ఎవరికీ ముగిసి ఉండదు. ఇళ్ళు లోపలెక్కడో ఉంటాయనుకుని, బోర్డు పాతించి, సిమెంటు పోయించి, చెట్టు నీడలో పడుకున్నాను.

ఒక కోయ తాత వచ్చి లేపాడు.

"ఏంది సార్, ఈడ పాతినవ్? ఈడ ఎవరున్నరు?"

"ఇప్పచెట్టు ఉంది కదా తాతా."

"చెట్టుంది, మేం లేం. మా అయ్య కాలంల నీళ్ళెండితే వాగవతలికి పోయినం. పేరు మాతోని తీస్కపోయినం. చెట్టునెట్ల తీస్కపోతం?"

మా ఖమ్మంలో పేరెలా వచ్చిందంటే గుట్ట వైపు వేలు చూపిస్తారు. గుట్ట కదలదు. ఇక్కడ పేరే నడిచి వెళ్ళింది. మళ్ళీ తవ్వించే ఓపిక లేక, "పోనీ తాతా, ఉండనీ," అన్నాను.

తాత నవ్వలేదు. "మనుమరాలికి నెలలు నిండినయ్ సార్. కోడలి కాన్పప్పుడు అంబులెన్స్ ఈ చెట్టు కాడికొచ్చి, ఎవరు లేరని మళ్ళిపోయింది. మంచం మీద మోస్కపోయినం. ఇప్పుడు నువ్వు బోర్డు గూడ పెడ్తివి."

ఇక పడుకోవడం కుదరలేదు. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది, పెకిలించాం. మోకాలి లోతు వాగులో నేను రొప్పుతుంటే, ఒడ్డున ఒక ముసలమ్మ, "సార్ చెయ్యి తియ్యుండ్రి, బోర్డు జర అల్కగైతది," అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వే ఓపికా లేదు.

కొన్నాళ్ళకు కబురొచ్చింది. అంబులెన్స్ అవతలి ఒడ్డున బోర్డు చూసుకుని, వాగు దాటి నేరుగా ఇళ్ళ మధ్యకే వచ్చిందట. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. ఒక ఊరిని దాని చోట నిలబెట్టినవాణ్ణని చాలాకాలం ఛాతీ విరుచుకు తిరిగాను. ఇప్పుడు ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త బెంగ కూడా.

ఇప్పగుంపులో ఫోన్ సిగ్నల్ లేదు. అంబులెన్సును పిలవాలంటే ఇప్పటికీ వాగు దాటి ఆ చెట్టు కిందికే రావాలి.