వచ్చే దారే తెలిసినవాళ్ళు

ఆ బైకుల షాపులో ఆమెను అందరూ అక్క అంటారు. అక్క మొగుడు కాబట్టి అతను బావ. ఇద్దరికీ కలిపి ఇంకో పేరుంది: తిరుగుటపా. వాళ్ళ పని బండ్లు వెనక్కి తేవడం మరి.

ఊరు ఎడారి అంచున ఉంటుంది. జనం జంటలు జంటలుగా వచ్చి ఈ షాపులో మోటారు సైకిళ్ళు అద్దెకు తీసుకుంటారు. ఇసుక దిబ్బలు, చవిటి పర్రలు దాటి అవతలి ఊరు చేరతారు. అక్కడి యార్డులో బండ్లు వదిలేసి విమానమెక్కి ఇళ్ళకు పోతారు. బండ్లు వాటంతటవే తిరిగి రావు కదా. లారీ మీద వేసుకొస్తే ఖర్చు. మనుషులైతే చవక. అందుకని అక్కా బావా చుట్టుదారి హైవే మీద బస్సులో పోయి, ఎడారి దారిన రెండు బండ్లూ తోలుకొస్తారు. ముందు అక్క, వెనక బావ. దారిలో ఆగకూడదు. బండి ఎక్కడ ఆగినా దానిలో పెట్టిన ట్రాకరు ఓనరుకు చెప్పేస్తుంది.

అవతలి యార్డులో ఒక గోడ ఉంది. ఎడారి దాటి వచ్చిన ప్రతి జంటా అరచేతులకు రంగు పూసుకుని దాని మీద అచ్చు వేస్తుంది. ఆ రంగు చేతులతోనే హ్యాండిల్ పట్టుకుని ఫొటో దిగుతారు. గ్రిప్పులకు అంటిన రంగును కిరసనాయిలు గుడ్డతో తుడవడం అక్క మొదటి పని. ఒకసారి బావ సరదాపడి రంగు డబ్బాలో చెయ్యి పెట్టబోయాడు. యార్డు గుమాస్తా డబ్బా లాగేశాడు.

"ఇది బండి మీద వచ్చినవాళ్ళకు బావా. బస్సు దిగినవాళ్ళకు కాదు."

"పోయేది బండి మీదేగా?"

"పోయేవాళ్ళ చేతులు కూడా వేయిస్తే గోడ చాలొద్దూ?"

అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం ముందు కూర్చుని అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు.

ఏళ్ళ తరబడి గతుకుల్లో బండ్లు తోలి తోలి బావ నడుం పాడైంది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము లైటుకు పెట్టి చూసి, ఇక బండి ఎక్కితే మంచం దిగవు అన్నాడు. వైద్యం ఖర్చు గురించి అడిగితే ఓనరు బాధగా ముఖం పెట్టి, "బావ మన ఉద్యోగి కాదు కదక్కా, పని ఉన్నప్పుడు పిలుస్తాం, అంతే" అన్నాడు. పని ఉన్నప్పుడు ఒకరి నడుం వాడుకుని, విరిగాక అది నాది కాదనడాన్ని వ్యాపారం అంటారు. దొంగతనం అనే మాటను పేదవాళ్ళ కోసం దాచిపెట్టారు.

"ఏం చేద్దామయ్యా?" అంది అక్క ఆసుపత్రి మెట్ల మీద.

"ఒక్కసారి అటు నుంచి కాకుండా ఇటు నుంచి పోవాలే. పోయి ఆ గోడ మీద చెయ్యి వేసి, తర్వాత మంచం ఎక్కుతా."

"గోడ పిచ్చి పట్టిందా నీకు?"

"పట్టింది."

ఆమె ఓనరు దగ్గరికి పోయి, అందరిలాగే రెండు బండ్లు అద్దెకు అడిగింది. అద్దెకు బదులు కొన్నాళ్ళు కూలి లేకుండా బండ్లు తెచ్చిపెట్టే ఒప్పందం. ఓనరు ఉదారంగా ఒప్పుకున్నాడు.

బయల్దేరే ముందు, బండ్లు అద్దెకు తీసుకున్న పార్టీలందరినీ అద్దాల గదిలో కూర్చోబెట్టి చల్లటి నీళ్ళిచ్చి దారి చెప్తారు. ఇన్నేళ్ళలో అక్క ఆ గది బయట బండ్లు తుడిచిందే గాని లోపలి మాట విన్నది లేదు. ఈసారి తలుపు తోసుకుని పోతే ఓనరు నవ్వాడు.

"నీకు దారి చెప్పాలా అక్కా? నువ్వే మాకు చెప్పాలి."

ఆమె కూడా నవ్వి బయటికొచ్చేసింది. నిజమే కదా అనుకుంది.

ఆ పొద్దున వాళ్ళిద్దరూ పెళ్ళికి పోతున్నట్టే ఉన్నారు. బావ ఉతికిన చొక్కా వేసుకుని, నడుముకు బెల్టు బిగించాడు. ఎప్పుడూ సాయంత్రం ఎండలో కళ్ళు చికిలించి చూసే దిబ్బలు ఉదయపు ఎండలో మెత్తగా పసుప్పచ్చగా ఉన్నాయి. రోజూ వీపు చూసిన మనిషి ముఖం ఇప్పుడు చూసినట్టుంది ఆమెకు. ఆగడానికి భయం లేదు కాబట్టి ఒక తుమ్మ పొద దగ్గర ఊరికే ఆగారు.

"ఎందుకాగాం?" అన్నాడు బావ.

"ఊరికే."

"ఊరికే ఆగడం ఇంత బాగుంటుందనుకోలేదే."

ఆ తర్వాత దారి రెండుగా చీలింది. కుడివైపు వెడల్పాటి తారు రోడ్డు, ఎడమవైపు గాలికి ఇసుక కప్పేసి గుర్తు పట్టలేనట్టున్న సన్న దారి. ఆమె ఎప్పుడూ అవతలి నుంచే వచ్చింది. అటు నుంచి వచ్చేటప్పుడు ఆ తారు రోడ్డు వీపు వెనక నుంచి వచ్చి కలిసిపోతుంది. తల తిప్పి చూస్తే తప్ప కనిపించదు. ఆగకూడని మనిషి తలెందుకు తిప్పుతుంది? చీలిక ఉందని కూడా ఆమెకు తెలియదు. తారు రోడ్డే తమ దారి అనుకుని తిప్పింది. బావ వెనకాలే తిప్పాడు.

కాసేపటికి తారు పోయి లారీ చక్రాల గాడులు మొదలయ్యాయి. గాడిలో పడ్డ ప్రతిసారీ వెనక నుంచి బావ మూలుగు వినిపించింది. అయినా ముందు మంచి రోడ్డు వస్తుందిలే అనుకుంటూ పోయింది. చివరికి రోడ్డుకు అడ్డంగా ఇనప గేటు. ఉప్పు గని. కాపలావాడు లేచి వచ్చాడు.

"అవతలి ఊరికా? ఇటెందుకొచ్చారు? చీలిక దగ్గర ఎడమకు పోవాలి."

"చీలికా?"

"ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు, ఇంతవరకు ఒక్కడూ ఇటు రాలేదు. మీరు కొత్తా ఈ దారికి?"

"ఈ దారి మీదే బతుకుతున్నామయ్యా" అన్నాడు బావ. కాపలావాడు జోకనుకుని పెద్దగా నవ్వాడు.

బావ బండి మీంచి కాలు తీయలేకపోయాడు. అక్కా కాపలావాడూ పట్టుకుని దించి నీడలో పడుకోబెట్టారు. గని దగ్గర సిగ్నల్ ఉంది. ఫోను మోగింది.

"అక్కా, బండ్లు గనిలో ఏం చేస్తున్నాయి?" ఓనరు గొంతు.

ఆమె చెప్పింది.

"బావకు బాగోలేకపోతే ఇంకా ముందుకెందుకు? వెనక్కి వచ్చేయండి. వాటికి వేరే పార్టీ ఉంది."

"మేం పార్టీ కాదా?"

"మీరు మనవాళ్ళు కదక్కా."

పార్టీ అయితే వ్యాను పంపేవాడు. మనవాళ్ళు కాబట్టి బండ్లు వాళ్ళే తేవాలి.

ఎండ తగ్గాక బావ పళ్ళ బిగువున బండెక్కాడు. చీలిక దగ్గర ఆపి ఎడమ దారికేసి చూశాడు.

"ఇన్నేళ్ళూ నీ వెనకాలే వచ్చాను" అన్నాడు. "ఈ ఒక్కరోజు ముందుండాల్సింది."

అతను తిట్టి ఉంటే ఆమె తట్టుకునేది.

"పోదామా? ఓనరు ఏమన్నా అననీ."

"చాలదే నడుం. ఇంటికి పోదాం."

అక్కడి నుంచి ఆమె ఒక్క మలుపు తప్పలేదు. ఏ గుంట ఎక్కడుందో, ఎక్కడ ఇసుక జారుతుందో అన్నీ తెలుసు. ఎండలో కళ్ళు చికిలించుకుని, ఎప్పటిలాగే ఇంటికి. బావ చివరిసారి బండి నడిపిందీ వెనక్కే.

ఆ తర్వాత ఓనరు చీలిక దగ్గర బోర్డు పెట్టించాడు. తిరుగుటపా వాళ్ళే తప్పిపోయారంటే పార్టీలు తప్పిపోరా అని. ఒప్పందం ఒప్పందమే కాబట్టి అక్క ఇప్పుడు కూలి లేకుండా ఒంటరిగా బస్సెక్కి పోయి బండి తెస్తోంది. గోడ మీద ఖాళీ దాదాపు నిండిపోయింది. గ్రిప్పులు తుడిచి, గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని బయల్దేరుతుంది.

మంచం మీంచి బావ అడిగాడు ఒక సాయంత్రం.

"బోర్డు మీద ఏం రాశారే?"

"ఏమో."

"దాని పక్కనుంచే వస్తావు కదా."

"అది పోయేవాళ్ళకు పెట్టింది. నాకు కనపడేది దాని వెనక రేకే."

బావ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమె వంగి అతని నడుముకు మందు రాయడం మొదలుపెట్టింది. చేతికి కిరసనాయిలు వాసన ఇంకా పోలేదు.