జోజి లేడని చెప్పిన రోజు

కలిదిండి దగ్గర రొయ్యల షెడ్డులో తలలు తీసీ తీసీ రూతమ్మ వేళ్ల కొసలు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. భర్త యోసేపు చేపల చెరువుల్లో వల లాగి బతికిన మనిషి. పిల్లలు లేరు. యోసేపుకు మతిమరుపు ముదిరాక ఆమె షెడ్డు పని మానేసి ఆయన్ని కనిపెట్టుకుని ఇంటిపట్టునే ఉండిపోయింది. ఉన్న ఆధారమల్లా అరెకరం వరిచేను, దాని మీద వచ్చే కౌలు.

యోసేపు రోజూ ఒకటే అడిగేవాడు. "జోజి ఇంకా రాలేదేంటే?"

జోజి ఆయన తమ్ముడు. కామెర్లతో పోయి చాలా ఏళ్లయింది. మొదట్లో రూతమ్మ నిజమే చెప్పేది. చెప్పినప్పుడల్లా అది ఆయనకు కొత్త చావే. గుండెలు బాదుకుని ఏడ్చేవాడు. ఇక ఆ మాట ఎత్తకూడదనుకుంది. "అత్తిలి కోతలకెళ్లాడండీ, వచ్చేస్తాడు" అనేది. ఆయన తలూపి అన్నం తినేవాడు.

జోజి కొడుకు ఉదయ్ కిరణ్‌ది అచ్చం తండ్రి పోలిక. అప్పుడప్పుడూ వచ్చి పెద్దనాన్న పక్కన కూర్చునేవాడు. ఆయన "జోజీ" అంటే "ఏంటన్నయ్యా" అని పలికేవాడు. అది ప్రేమే అనుకుంది రూతమ్మ. ఒకరోజు ఆసుపత్రికని చెప్పి పెద్దాయన్ని బండి మీద తీసుకెళ్లి, చేను తన పేర దానపత్రం రాయించుకున్నాడు. పొక్లెయిన్ చేలో దిగి రొయ్యల చెరువు తవ్వుతుంటే గానీ ఆమెకు సంగతి తెలియలేదు.

"పెద్దనాన్నే ఇష్టపడి రాశాడు దొడ్డమ్మా. మిమ్మల్ని నేను చూసుకుంటాగా" అన్నాడు. తర్వాత ఆ గుమ్మం తొక్కలేదు.

ఏలూరులో లా చదివే పిల్లలు పేద ముసలివాళ్ల కేసులు ఊరికే చూసిపెడతారని చర్చిలో ఎవరో చెబితే బస్సెక్కి వెళ్లింది. పద్మప్రియ అనే అమ్మాయి అంతా ఓపిగ్గా విని, దానపత్రం రద్దు చేయమని, వృద్ధుల కేసులు వినే ఆర్డీవో గారికి అర్జీ రాసిపెట్టింది.

"కాగితాలు మేం చూసుకుంటాం మామ్మగారూ. అక్కడ చెప్పాల్సింది మాత్రం మీరే."

"ఏం చెప్పాలమ్మా?"

ఆ అమ్మాయి కాస్త తటపటాయించింది. "తాతగారికి ఎవరు ఎవరో తెలియడం లేదని. అదీ తాతగారి ఎదుటే చెప్పాలండీ."

విచారణ రోజున ఆఫీసరు యోసేపును కూర్చోబెట్టి అడిగాడు. "ఈ అబ్బాయికి మీరే పొలం ఇచ్చారా?"

"ఇచ్చానండీ" అన్నాడు యోసేపు, చేతులు కట్టుకుని. "మా తమ్ముడండీ. వాడికివ్వక ఇంకెవరికిస్తాను?"

"తమ్ముడా?"

"ముద్దుగా అలా పిలుస్తారండీ" అన్నాడు ఉదయ్ కిరణ్.

ఆఫీసరు రూతమ్మ వైపు తిరిగాడు. ఊరుకుంటే చేను పోతుంది, మందులూ పోతాయి. ఆమె భర్త మొహం చూడకుండా చెప్పింది.

"జోజి లేడండీ. ఎప్పుడో చచ్చిపోయాడు. ఈయనకది తెలీదు. వీడు జోజి కొడుకు. తెలిసే రాయించుకున్నాడు."

యోసేపు ఆమె వైపు తిరిగాడు. "జోజి చచ్చిపోయాడా? ఎప్పుడే? నాకెందుకు చెప్పలేదు?"

ఆ గదిలోనే గుండెలు బాదుకుని ఏడ్చాడు. ఉదయ్ కిరణ్ లేచి వరండాలోకి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు దానపత్రం రద్దయింది. ఉప్పునీళ్లు నిలిచిన నేలలో ఇక వరి పండదు. చెరువునే ఎవరికో లీజుకిచ్చింది. బియ్యానికీ మందులకీ సరిపోతోంది.

ఆర్డీవో ఆఫీసులో జరిగింది యోసేపు తిరుగు బస్సులోనే మరిచిపోయాడు. దిగులు మాత్రం పోలేదు. జోజి ఊసే ఎత్తడం లేదు. రూతమ్మ ముద్ద కలిపి పెడితే మొహం తిప్పుకుంటాడు. పక్కింటి క్రిస్టినా పెడితే తింటాడు. "ఆవిడెవరో మంచిది కాదమ్మా" అని రూతమ్మను చూపించి క్రిస్టినాతో గుసగుసగా చెబుతాడు.

ఆర్డరు కాపీ ఇవ్వడానికి పద్మప్రియ వచ్చినప్పుడు రూతమ్మ గుమ్మం ఇవతల కూర్చుని ఉంది. లోపల క్రిస్టినా అన్నం తినిపిస్తోంది.

"ఆ రోజు నేను ఊరుకునుంటే ఏమయ్యేదమ్మా?"

"చేను పోయేది మామ్మగారూ."

"అంతేగా" అంది రూతమ్మ.

పద్మప్రియ ఆర్డరు కాపీ ఆమె పక్కన పెట్టింది. కాసేపటికి క్రిస్టినా ఖాళీ కంచంతో బయటికొచ్చింది. రూతమ్మ ఆ కంచం అందుకుని, కడగడానికి నూతి దగ్గరికి వెళ్లింది.